దిదియే లుదో దుకాణం: పాత గౌనుకూ ఒక పుట్టిన తేదీ

మా అమ్మమ్మ పోయిన ఏడాది తిరగకముందే, ఆమె పట్టుచీరలు ఐదింటిని మా ఇంట్లో వాళ్ళు "పాత పట్టుచీరలు కొంటాం" అని వీధి వెంట కేక వేసుకుంటూ వచ్చిన ఒక వ్యాపారికి ఇచ్చేశారు. అతను చీరను పూర్తిగా విప్పనైనా విప్పలేదు. అంచును గోటితో గీకి, జరీ పోగు ఒకటి లాగి అగ్గిపుల్లతో కాల్చి, కరిగిస్తే వెండి ఎంత వస్తుందో మనసులో లెక్క కట్టుకుని, తూకం వేసి డబ్బు లెక్కపెట్టి వెళ్ళిపోయాడు. ఆ చీర ఏ ఊరి మగ్గం మీద నేసినదో, ఎవరి పెళ్ళికి కొన్నదో అతను అడగలేదు, మేమూ చెప్పలేదు. ఈ సంగతితో మొదలుపెట్టడానికి కారణం ఉంది. పాతబట్టను అతను చూసిన చూపుకు పూర్తిగా ఎదురైన చూపు ఒకటి ఉంటుందని నాకు తెలిసింది పారిస్‌లోని ఒక చిన్న దుకాణం ముందు నిలబడినప్పుడే. పాత ఫ్యాషన్ దుస్తుల వ్యాపారిగానూ రచయితగానూ పేరు పొందిన దిదియే లుదో 1975లో మొదలుపెట్టిన దుకాణం అది. రెండు వేర్వేరు ప్రయాణాలలో నేను అక్కడికి వెళ్ళాను. ఆ దుకాణం గురించీ, దాని వెనక ఉన్న ఆయన వృత్తి జీవితం గురించీ కొంచెం వివరంగా రాయాలని అప్పటినుంచీ అనుకుంటున్నాను.

లూవ్ర్ మ్యూజియం నుంచి రోడ్డు దాటితే చాలు, పాలే రోయాల్ వస్తుంది. 17వ శతాబ్దంలో, అప్పటి ఫ్రాన్సు రాజుకు ముఖ్యమంత్రిగా ఉన్న కార్డినల్ రిషెల్యూ తనకోసం కట్టించుకున్న భవనం ఇది. ఆయన తరువాత రాజకుటుంబం చేతికి వచ్చింది, బాలుడిగా ఉన్న 14వ లూయీ తల్లితో కలిసి కొంతకాలం ఇక్కడే ఉన్నాడు. తోటకు మూడు వైపులా మనం ఇప్పుడు చూసే కమానుల వరండాలను మాత్రం 1780లలో ఓర్లేయాన్ వంశపు ప్రభువు, డబ్బు అవసరమై, దుకాణాలుగా అద్దెకు ఇచ్చుకోవడానికి విక్టర్ లూయీ అనే వాస్తుశిల్పి చేత కట్టించాడు. అంటే ఈ వరండాలు పుట్టిందే వ్యాపారం కోసం. పడమటి వైపు ఉన్న మోంపాన్సియే వరండాలోని ఒక కాఫీ హోటల్ ముందరే, 1789 జూలై 12న, కామీ దెమూలాన్ బల్ల ఎక్కి జనాన్ని ఆయుధాలు పట్టమని పిలిచాడు. రెండు రోజులకు బాస్టిల్ అనే జైలుకోట కూలింది, ఫ్రెంచి విప్లవం మొదలైంది. లుదో దుకాణం ఉన్నది ఆ వరండాలోనే.

ఆయన ఇక్కడ తలుపు తెరిచేనాటికి ఈ వరండాలు ఇప్పటంత ఖరీదైనవి కావు. పతకాలు, తపాలా బిళ్ళలు, సీసపు సైనికుల బొమ్మలు అమ్మే చిన్న దుకాణాలతో, పారిస్ మధ్యలో ఉండీ పారిస్ మరచిపోయినట్టు ఉండే చోటు అది. సెర్జ్ ల్యూటెన్స్ పరిమళాల దుకాణం 1992లో వచ్చింది, 2000 తరువాత పెద్ద ఫ్యాషన్ పేర్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి చేరాయి. వాటన్నిటికన్నా ఎన్నో ఏళ్ళు ముందుగా, అదీ పాతబట్టలతో, ఈ స్తంభాల మధ్యకు ఫ్యాషన్‌ను తీసుకొచ్చిన వ్యక్తిగా లుదోకు రావలసిన గుర్తింపు ఇంకా పూర్తిగా రాలేదని నా అభిప్రాయం.

1975 అనే సంవత్సరానికి కూడా అర్థం ఉంది. పారిస్ దుస్తుల రూపకర్తలలో గొప్పవాడైన క్రిస్టోబాల్ బాలెన్సియాగా 1968లో తన సంస్థను మూసేశాడు. అదే రంగంలో అంత పేరున్న కోకో షనెల్ 1971లో చనిపోయింది. ఈవ్ సాఁ లోరాఁ 1966లోనే రివ్ గోష్ పేరుతో సిద్ధంగా కుట్టిన దుస్తుల దుకాణం తెరిచి, ఒక్కొక్క మనిషి కొలతకు కుట్టే పద్ధతికి బయట కూడా గొప్ప ఫ్యాషన్ ఉండగలదని చూపించాడు. యుద్ధం ముగిసిన కొత్తలో డియోర్ దగ్గరా బాలెన్సియాగా దగ్గరా కొలతలిచ్చి కుట్టించుకున్న తరం అప్పటికి పెద్దవయసులో పడింది. వారి బీరువాలు ఖాళీ అవుతున్నాయి, పిల్లలకు ఆ కొలతలూ పనికిరావు, ఆ మోజూ లేదు. ఫ్రెంచివాళ్ళు పాతబట్టలు అమ్మేవాడిని ఫ్రిపియే అంటారు. ఆ మాటలో మన "పాతబట్టల సామాన్ల మనిషి" అన్న మాటలో ఉన్నంత చులకనా ఉంది. పాత బల్లకో, పాత గడియారానికో చరిత్ర ఉంటుందని ఒప్పుకునే నగరం, పాత గౌనుకు అదే గౌరవం ఇవ్వడానికి ఇంకా సిద్ధంగా లేని రోజులలో, దానిని పురావస్తువు లాగా అద్దాల వెనక నిలబెట్టి అమ్మాలన్న ఆలోచన సామాన్యమైనది కాదు.

ఇక్కడ ఓత్ కుత్యూర్ అన్న మాట గురించి ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ దుకాణం విలువంతా ఆ మాట చుట్టూ తిరుగుతుంది. ఖరీదైన బట్టలన్నిటినీ కలిపి మన పత్రికలు ఈ మాటతో పిలుస్తాయి గాని, ఫ్రాన్సులో ఇది 1945 నుంచి చట్టం కాపాడుతున్న పేరు. నిర్ణీత నిబంధనలకు లోబడి, సొంత కుట్టుశాల నడుపుతూ, ఒక్కొక్క కొనుగోలుదారు శరీరానికి కొలిచి, మళ్ళీ మళ్ళీ తొడిగి సరిచేసి కుట్టే సంస్థలకే ఆ పేరు వాడుకునే హక్కు ఉంటుంది. ఈ కుట్టుశాలల్లో మళ్ళీ రెండు విభాగాలు ఉంటాయి. కోటు, సూటు వంటి బిగువైన పని ఒకరిది, జారే పట్టునూ పలచని గుడ్డనూ మలిచే పని ఇంకొకరిది. ఇలా తయారైన గౌనును పైనుంచి చూస్తే సగమే తెలుస్తుంది, మిగతా సగం లోపల ఉంటుంది. నడుము దగ్గర గట్టి పట్టీ ఒకటి లోపల్లోపలే హుక్కులతో బిగిసి గౌను బరువంతా మోస్తుంది, అందువల్ల పైగుడ్డ ఎక్కడా లాగినట్టు కనబడదు. షనెల్ కోటు అయితే లైనింగు అంచున సన్నని గొలుసు కుట్టి ఉంటుంది. చేయి ఎత్తి దించినా కోటు మళ్ళీ తిన్నగా కిందికి వేలాడటానికి ఆ గొలుసు బరువే కారణం.

అన్నిటికన్నా నన్ను కట్టిపడేసిన వివరం ఇంకా చిన్నది. ఈ గౌన్లలో సంస్థ పేరున్న పట్టీ కిందనో పక్కనో, తెల్లని సన్నటి నాడా ముక్క ఒకటి కుట్టి ఉంటుంది. దాని మీద సిరాతో ఒక సంఖ్య, కొన్నిసార్లు కొనుక్కున్నామె పేరు కూడా ఉంటాయి. డియోర్ పట్టీల మీద అయితే ఏ సంవత్సరపు ఏ ఋతువు సేకరణలోదో కూడా నేసి ఉండటం కద్దు. కుట్టుశాల పుస్తకాలతో ఆ సంఖ్యను సరిచూస్తే గౌను పుట్టుక అంతా బయటపడుతుంది. ఈ సంగతి తెలుసుకుని ఇంటికి వచ్చాక, మా దగ్గర మిగిలిన అమ్మమ్మ చీర ఒక్కటి తీసి, కొంగు వెనక వైపు తెల్లని నూలు పట్టీ ఒకటి కుట్టి, అమ్మను అడిగి తెలిసినంత వరకు రాశాను. ఎవరు కట్టుకున్నారో, ఏ పెళ్ళిలోనో రాయగలిగాను గాని, నేసిన ఊరి పేరు దగ్గర ఖాళీ వదలవలసి వచ్చింది.

దుకాణం విషయానికి వస్తే, అది ఇరుకైనది. వరండా పొడవునా ఉన్న ఒక్కొక్క కమాను వెడల్పే ఇక్కడి ఒక్కొక్క దుకాణం వెడల్పు. పెద్ద షోరూమును ఊహించుకుని వెళ్ళేవారు నిరాశపడకుండా ఉండటానికి ఈ మాట ముందే చెబుతున్నాను. కాని అద్దాల వెనక అమరిక చూశాక ఆ ఇరుకు మనసుకు రాలేదు. ఉదయం పూట తోట మీదుగా వచ్చే ఎండ పడమటి వరండాలోకి నేరుగా పడుతుంది. మొదటిసారి నేను వెళ్ళింది ఆ వేళకే. దుకాణం ఇంకా తెరవలేదు, అయినా అరగంట సేపు కదలలేకపోయాను. బొమ్మకు తొడిగిన నల్లగౌను ఒకటి ఉంది. దూరం నుంచి అది ఒట్టి నలుపు. దగ్గరకు వచ్చి ఒక పక్కగా నిలబడితే, ఆ నలుపులో రెండు మూడు నలుపులు కనిపించాయి. వెలుగును మింగేసే గుడ్డ ఒకటి, మెరిసే గుడ్డ ఇంకొకటి, కుట్టు కలిసిన చోట మూడోది. పూసలు లేవు, జరీ లేదు, అద్దకం లేదు. కత్తిరింపు ఒక్కటే నగ.

లోపలికి వెళ్ళేవారు పాటించవలసిన మర్యాద ఒకటి ఉంది. పారిస్‌లో ఏ దుకాణంలోనైనా అడుగు పెట్టగానే "బోన్‌జూర్" అని పలకరించాలి, ఇలాంటి చోట అది మరీ ముఖ్యం. వేలాడే బట్టను మన ఇష్టానికి లాగి చూడకూడదు, చూపించమని అడగాలి. మన పట్టుచీరల దుకాణంలో పరుపు మీద కూర్చుంటే ఎదుట ఒకదాని మీద ఒకటి చీరలు పరిచే అలవాటు ఉన్నవారికి ఇది మొదట కొంచెం బిగువుగా అనిపిస్తుంది. అయితే అరవై, డెబ్భై ఏళ్ళ పట్టు ఎంత సున్నితమో తెలిస్తే ఆ బిగువుకు కారణం అర్థమవుతుంది. 19వ శతాబ్దపు చివరి నుంచి 20వ శతాబ్దపు మొదటి దశాబ్దాల వరకు ఐరోపాలో పట్టుకు బరువు తేవడానికి లోహపు లవణాలలో నానబెట్టేవారు. ఆ పట్టు ఏళ్ళు గడిచేకొద్దీ దానంతట అదే నిలువునా చిట్లుతుంది. దానిని వేలాడదీస్తే తన బరువే తనకు శత్రువు. మన ఇళ్ళలో పట్టుచీరను తెల్లని నూలుగుడ్డలో చుట్టి, ఏడాదికి ఒకటి రెండుసార్లు విప్పి మడత మార్చి పెట్టే పెద్దవాళ్ళకు ఈ శాస్త్రం పేరు తెలియకపోయినా పని తెలుసు. మ్యూజియాలలో బట్టలు కాపాడేవారు కూడా మడతల మధ్య ఆమ్లం లేని కాగితం ఉంచి, మడత ఒకేచోట నలగకుండా చూస్తారు.

లుదో వృత్తిలో రెండో మలుపు నలుపు రంగుతోనే వచ్చింది. 1999లో ఆయన తోటకు అవతలి వైపు ఉన్న వాల్వా వరండాలో ఇంకొక దుకాణం తెరిచాడు. దానికి పెట్టిన పేరు లా పెతీత్ రోబ్ న్వార్, అంటే చిన్న నల్లగౌను. అక్కడ నల్లగౌన్లు తప్ప మరేమీ ఉండకూడదన్నదే ఆయన పెట్టుకున్న నియమం. పాతవాటితో పాటు తన రూపకల్పనలో కుట్టించిన కొత్తవి కూడా అందులో ఉంచాడు. 2001లో అదే పేరుతో ఆయన రాసిన పుస్తకాన్ని అసులీన్ సంస్థ ప్రచురించింది. శుభకార్యానికి నల్లచీర కట్టుకోకూడదని విని పెరిగిన మనకు, ఒక మనిషి నలుపు ఒక్కదాని మీదే దుకాణమూ పుస్తకమూ నిలబెట్టడం వింతగా తోచవచ్చు. నిజానికి ఐరోపాలోనూ నలుపు మొదట అలంకారపు రంగు కాదు. అది దుఃఖపు రంగు, మఠాలలోని సన్యాసినుల రంగు, దుకాణాలలో పనిచేసే అమ్మాయిల రంగు. మొదటి ప్రపంచయుద్ధం లక్షలమంది స్త్రీలకు నలుపు తొడిగింది. 1926 అక్టోబరులో అమెరికా వోగ్ పత్రిక షనెల్ రూపొందించిన ఒక సాదా నల్లగౌను బొమ్మ వేసి, దానిని ఫోర్డు కారుతో పోల్చింది. అందరికీ అందే, అందరూ వాడే, ఏ వంకా పెట్టలేని వస్తువు అని ఆ పోలికకు అర్థం. అక్కడి నుంచి 1961లో హాలీవుడ్ నటి ఆడ్రీ హెప్‌బర్న్ తెర మీద తొడుక్కున్న, జివాంషీ రూపొందించిన నల్లగౌను వరకు, విధవరాలి దుస్తు విందు దుస్తుగా మారిన తీరు ఒక సమాజపు చరిత్ర. ఆ చరిత్రను చెప్పడానికి ఆచార్యుడి కన్నా వ్యాపారికే ఒక అనుకూలత ఉంది. గౌనును లోపలి నుంచి తిప్పి చూసే అవకాశం రోజూ దొరికేది అతనికే.

వ్యాపారి రచయిత కావడం గురించి ఇంకొక్క మాట. తాను అమ్మే వస్తువు గురించి తానే పుస్తకం రాస్తే, అది సరుకు ధర పెంచుకునే ఉపాయం కాదా అన్న అనుమానం న్యాయమైనదే. నేను కూడా ఆ అనుమానంతోనే ఈ విషయం వైపు వచ్చాను. నా మనసు మారింది ఒక పోలిక వల్ల. ఇంకొక నగరంలో, పేరు చెప్పనవసరం లేని ఒక దుకాణంలో, 1950ల నాటిదన్న మాట నమ్మి నేనొక చిన్న కోటు కొన్నాను. ఇంటికి తెచ్చి లోపలికి తిప్పి చూస్తే నైలాను జిప్పు ఉంది, ఉతికే పద్ధతి చెప్పే గుర్తులున్న చీటీ కూడా ఉంది. 1950ల కోటుకు ఉండవలసింది లోహపు జిప్పు. ఆ గుర్తుల చీటీలు ఆ తరువాతి కాలానివి. అమ్మినవారు మోసం చేశారని నేను అనను, వారికీ తెలియకపోయి ఉండవచ్చు. తెలుసుకోవాలన్న పట్టింపు లేకపోవడమే నన్ను బాధపెట్టింది. పుస్తకం రాసిన వ్యాపారి తన మాటను అచ్చులో పెట్టాడు, తప్పు చెబితే ఆ తప్పు తన పేరుతోనే నిలిచిపోతుంది. ఆ జవాబుదారీతనం కొనేవారికి దొరికే పెద్ద రక్షణ.

ఏళ్ళ తరబడి అమ్మకుండా తనకోసం దాచుకున్న వాటిలో నుంచి లుదో ఎంపిక చేసిన ఓత్ కుత్యూర్ దుస్తులను 2015 జూలై 8న పారిస్‌లోని సోథెబీస్ సంస్థ వేలం వేసింది. చిత్రాలూ శిల్పాలూ చేతులు మారే చోట గౌన్లు ఒక్కొక్క సంఖ్యతో, తేదీతో, రూపకర్త పేరుతో జాబితాకెక్కడం చూస్తే, 1975లో ఆయన మొదలుపెట్టిన పని ఎంతదూరం వచ్చిందో తెలుస్తుంది. అయినా ఆ వేలం నాకు పూర్తి సంతోషాన్ని ఇవ్వలేదు. ఒకే కంటితో, ఒకే అభిరుచితో దశాబ్దాల పాటు ఏరుకున్న వస్తువులు కలిసి ఉన్నప్పుడు చెప్పే కథ వేరు, చెల్లాచెదురై తలా ఒక బీరువాలోకి వెళ్ళాక చెప్పగలిగేది వేరు. ఇలాంటి సేకరణ మొత్తంగా ఏదో ఒక మ్యూజియానికి చేరి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. వ్యాపారి తన సరుకు అమ్ముకోవడంలో తప్పు లేదని తెలిసి కూడా ఈ మాట అంటున్నాను.

కొనదలచుకున్నవారికి నిజం చెప్పాలి. ఇది చవకగా పాతబట్టలు దొరికే చోటు కాదు. పేరున్న కుట్టుశాలల నుంచి వచ్చిన పాత గౌన్ల ధర ఇలాంటి చోట్ల వేల యూరోలకు చేరుతుంది. పైగా ఓత్ కుత్యూర్ గౌను పుట్టిందే ఇంకొక మనిషి కొలతకు. నడుము, భుజం, వీపు పొడవు కలవడం అదృష్టమే గాని ఆశించదగినది కాదు. కలవని గౌనును కత్తిరించి సరిచేయిస్తే దాని చరిత్ర విలువ అక్కడితో పోతుంది. నేను రెండుసార్లూ ఏమీ కొనలేదు. అలా అని వట్టి చేతులతో తిరిగి వచ్చానని అనుకోను. ఏ గుడ్డను చూసినా ముందు లోపలి కుట్టు, ఆ తరువాత పైమెరుపు చూసే అలవాటు నాకు అక్కడ నుంచే వచ్చింది. హైదరాబాదులో మొన్నొకసారి జాకెట్టు కుట్టించుకున్నప్పుడు, లోపలి కుట్లలో వదులు కోసం ఎంత గుడ్డ వదిలారో దర్జీని అడిగి చూపించుకున్నాను. ఆయన సంతోషంగా తిప్పి చూపించి, ఆ ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువమ్మా అన్నాడు.

వెళ్ళాలనుకునే తెలుగువారికి కొన్ని వివరాలు. మెట్రో 1 లేదా 7 నంబరు లైనులో పాలే రోయాల్ మ్యూజే ద్యు లూవ్ర్ స్టేషనులో దిగాలి. రంగు గాజుపూసల పందిరిలా ఉండే మెట్ల దారి గుండా పైకి వస్తే, నాలుగు అడుగుల దూరంలోనే భవనం. లోపలి ఆవరణలో, 1986లో దానియెల్ బ్యురెన్ అనే కళాకారుడు నిలబెట్టిన 260 నలుపు తెలుపు చారల స్తంభాల మధ్య పిల్లలు ఎక్కి దిగుతూ ఉంటారు. వాటిని దాటి తోటలోకి వచ్చి ఎడమ వైపు తిరిగితే మోంపాన్సియే వరండా. ఉదయమే వెళ్ళండి, ఎండ అద్దాల మీద ఉండగా. తలుపు తెరిచేదాకా అద్దాల బయట నిలబడి చూడటానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. అక్కడ చూసినదాని మీద ఆసక్తి కలిగితే, రివోలీ వీధిలో నడిచి వెళ్ళేంత దూరంలోనే అలంకార కళల మ్యూజియం ఉంది, నగర ఫ్యాషన్ మ్యూజియమైన పాలే గాలియేరాకు ఇయేనా స్టేషనులో దిగాలి. రెండింటిలోనూ ప్రదర్శనలు మారుతూ ఉంటాయి కనుక, ఏది జరుగుతోందో కనుక్కుని బయలుదేరడం మంచిది.